గండికోటకు బండి కట్టే ముందు

మహర్నవమి నాడు కర్నూలులో కడగని బండి కనబడదు. ఇంటి ముందర, షెడ్డు ముందర, వీధి కుళాయి దగ్గర, ఎక్కడ చూసినా బకెట్లూ పాతగుడ్డలే. స్ప్లెండరు నుంచి బుల్లెట్టు దాకా ప్రతిదానికీ బంతిపూల దండ, అరటి పిలక, కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ వారంలో రెండు మూడు రోజులు సెలవు కలిసొచ్చిందంటే కుర్రాళ్ల నోట గండికోట మాట వస్తుంది. పూజ అయింది, గాలి కొట్టించాం, ఇంకేం కావాలని బయల్దేరిపోతారు. కావలసింది చాలానే ఉంది. అయితే మొదలుపెట్టడానికి ఆ కడిగే పనికి మించింది లేదు. చాలామంది తమ బండిని సొంత చేత్తో కడుపు కింద దాకా తడిమి చూసేది ఏడాదిలో ఆ ఒక్క పూటే.

ముందు ఒక దారి అనుకుందాం. కర్నూలు నుంచి ఓర్వకల్లు, బేతంచెర్ల, బనగానపల్లె, పక్కనే యాగంటి. అక్కణ్ణుంచి అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం గుహలు, ఆపైన జమ్మలమడుగు, గండికోట. రాత్రికి అక్కడే బస. మర్నాడు ముద్దనూరు, ఎర్రగుంట్ల, కమలాపురం మీదుగా కడప. మూడోరోజు ఓపికుంటే ఘాటెక్కి గువ్వలచెరువు దాకా పోయి పాలకోవ కట్టించుకుని, వెనక్కి దిగి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా 40వ నంబరు జాతీయ రహదారిలో ఇల్లు చేరడం. అంతా కలిపితే 500 కిలోమీటర్లు దాటుతుంది. కిలోమీటర్ల లెక్కన ఇదేం పెద్ద పని కాదు, వంద సీసీ బండి కూడా మెల్లగా లాగేస్తుంది. ఇక్కడ చూసుకోవాల్సింది నేలను. సర్వీసు ఎన్ని కిలోమీటర్లకు చేయించాలో కంపెనీ పుస్తకం చెబుతుంది. నాపరాయి పొడి గురించీ కంపముళ్ల గురించీ, వానపడ్డ నల్లరేగడి గురించీ అందులో ఉండదు.

శరదృతువు అనగానే తెల్ల మబ్బులు, వెన్నెల గుర్తొస్తాయి. సీమలో ఆ కాలానికి ఇంకో ముఖం ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరద ఈ రోజుల్లోదే. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వానలకే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. మనం అనుకున్న దారి అదే. కాబట్టి తయారీలో మొదటి పని బండి మీద కాదు, వాతావరణ శాఖ హెచ్చరిక మీద. తుపాను కబురుంటే ప్రయాణం వారం జరపాలి. లాడ్జి అడ్వాన్సు పోతే పోయింది.

ఇక కడగడం. బయల్దేరడానికి వారం ముందే ఈ పని పెట్టుకోవాలి, ముందురోజు సాయంత్రం కాదు. వాటర్ సర్వీసింగుకు ఇస్తే పక్కనే నిలబడండి. పంపు ధారను చక్రాల బేరింగుల మీదా హ్యాండిల్ స్విచ్చుల మీదా ఎయిర్ ఫిల్టరు డబ్బా వైపూ నేరుగా కొట్టనివ్వొద్దు. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కితే సరి, తర్వాత తీయడం మరవకుండా ఉంటే చాలు. బండి ఆరాక ఒక పాత న్యూస్ పేపరు కింద పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున దాని మీద నూనె మచ్చ ఉంటే ఎక్కడి నుంచి కారుతోందో పైకి చూస్తే తెలిసిపోతుంది. ఇంజను డ్రెయిన్ బోల్టా, ముందు ఫోర్కు సీలా అన్నది మెకానిక్కుకు ముందే చెప్పగలిగితే అతని టైమూ మీ డబ్బూ మిగులుతాయి.

పూజ చేయిస్తే దాని గుర్తులు కూడా తీసేయాలి. ఇది చాదస్తం కాదు. ఇనుప తీగతో హ్యాండిలుకు బిగించిన దండ బ్రేకు పైపునూ క్లచ్ వైరునూ ఒరుసుకుంటూ ఉంటుంది. పూలు రాలిపోయినా తీగ ఉండిపోతుంది. దారం ముందు చక్రం ఇరుసుకు చుట్టుకుంటుంది. హెడ్‌లైటు అద్దం మీది గంధం రాత్రి వెలుతురును సగం చేస్తుంది. డిస్కు మీద కుంకుమ, నూనె పడి ఉంటే బ్రేకు పట్టదు. అన్నట్టు, పండగ మర్నాడు ఊళ్లో దిష్టి గుమ్మడికాయలు పగిలిన కూడళ్లలో బండి ఎంత బాగున్నా జారుతుంది. తయారీ ఎంత చేసినా దానికి మందు లేదు, మెల్లగా పోవడమే.

షెడ్డులో మెకానిక్కుకు ‘జనరల్ సర్వీసింగు చెయ్యి’ అని వదిలేస్తే ఇంజన్ ఆయిల్ మార్చి, చైను బిగించి, ‘ఏం కాదులేన్నా, పోయిరాపో’ అంటాడు. పండగ రోజుల్లో అతనికి ఊపిరాడదు, తప్పు పట్టలేం. ఏమేం చూడాలో కాగితం మీద రాసిస్తేనే పని జరుగుతుంది. అందులో సగం మనమే ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

చైనుతో మొదలుపెట్టండి. స్ప్లెండరు లాంటి బళ్లకు చైను చుట్టూ రేకు డబ్బా ఉంటుంది కాబట్టి దుమ్ము తక్కువ పడుతుంది. పల్సర్లకూ బుల్లెట్లకూ చైను బయటే ఉంటుంది. కిరసనాయిలు గానీ డీజిలు గానీ మెత్తటి బ్రష్షుకు తడిపి రుద్దాలి, ఇనుప బ్రష్షు వద్దు. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజను ఆన్ చేసి గేరులో తిరగనిస్తూ గుడ్డతో తుడిస్తే వేళ్లు స్ప్రాకెట్‌లోకి పోతాయి; అట్లా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. శుభ్రంగా తుడిచాక చైను లోపలి అంచున స్ప్రే గానీ 90 నంబరు గేరు ఆయిల్ గానీ పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున పైకి తేలిన నూనెను తుడిచేయండి. ఎంత పూస్తే అంత మంచిదని గ్రీజు దట్టించేవాళ్లున్నారు. బేతంచెర్ల చుట్టూ నాపరాయి పాలిషింగ్ ఫ్యాక్టరీల తెల్లపొడి, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం నుంచి బూడిద మోసే లారీలు. ఆ పొడి గ్రీజులో కలిసిందంటే చైనుకు సానరాయి కట్టినట్టే.

బిగింపు ఎంత ఉండాలన్నది పుస్తకంలో ఉంటుంది, చాలా బళ్లకు కింది చైను మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఊగు. చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడ అన్నిటికంటే బిగువుగా ఉందో అక్కడే కొలవాలి. వెనక మనిషి, సంచులు ఎక్కితే చైను ఇంకా బిగుస్తుంది కాబట్టి ఒక పిసరు వదులున్నా ఫరవాలేదు గానీ బిగువు పనికిరాదు. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకు కొక్కేల్లా వంగి ఉంటే చైనూ స్ప్రాకెట్లూ కలిపి మార్చాల్సిందే. కొత్త చైనును పాత పళ్ల మీద వేస్తే ఆ డబ్బు దండగ.

తర్వాత టైర్లు. ఈ దారికి వీటి మీద పెట్టినంత ధ్యాస ఇంక దేని మీదా పెట్టనక్కర్లేదు. గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి, టైరు అరిగి వాటి మట్టానికి వస్తే ఆయుష్షు తీరినట్టే. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైనదని. గాడులు బాగున్నా పక్కల సన్నటి పగుళ్లు వచ్చిన పాత టైరును సీమ ఎండల్లో నమ్మలేం. గాలి పొద్దున్నే, బండి నడపకముందు కొలవాలి. వెనక మనిషి ఉంటే వెనక టైరుకు ఎంత ఎక్కువ పెట్టాలో చైను కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది. మధ్యాహ్నం నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తే తీయించేయకండి, చల్లబడితే అది తక్కువైపోతుంది.

ముళ్ల సంగతి చెప్పాలి. చేల గట్ల మీదా చెరువు కట్టల మీదా కంపచెట్లే. రైతు చేను చుట్టూ కంప కొట్టి వేసుకుంటాడు, ఎడ్ల బండి మీద మోసుకుపోతుంటే ముళ్లు దారిలో రాలతాయి. ట్యూబ్‌లెస్ టైరుకు ముల్లు గుచ్చుకుంటే అక్కడే పీకకూడదు, అదే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. గాలి నింపుకుంటూ పంక్చర్ షాపు దాకా పోవచ్చు. ట్యూబు ఉన్న బండికి, అంటే పుల్లల చక్రం బుల్లెట్లూ పాత బళ్లకు, ఆ భాగ్యం లేదు. వాటికి ముందూ వెనకా సైజుల కొత్త ట్యూబులు ఒక్కోటి సంచిలో ఉండాల్సిందే. మారుమూల షాపులో ప్యాచీ దొరుకుతుంది గానీ మీ సైజు ట్యూబు దొరుకుతుందన్న పూచీ లేదు. ట్యూబు మార్చే చోట ఒక్క పని మాత్రం దగ్గరుండి చేయించండి. పాత ట్యూబు తీశాక టైరు లోపల చుట్టూ గుడ్డతో తుడిపించాలి. తెగి లోపల మిగిలిన ముల్లు మొన గుడ్డకు తగులుకుంటుంది. ఆ పని చేయకుండా కొత్త ట్యూబు వేయిస్తే అవుకు చెరువు దాటకముందే మళ్లీ కిందికి దిగాలి.

నల్లరేగడి ఇంకో కథ. కోవెలకుంట్ల, జమ్మలమడుగు చుట్టూ ఎండిన రోజు సిమెంటు రోడ్డంత గట్టిగా ఉండే మట్టిదారి, ఒక్క వానకు బంక అవుతుంది. ఆ బంక టైరుకు పట్టి, ముందు మడ్‌గార్డు కింద కూరుకుపోయి చివరికి చక్రం తిరగడమే మానేస్తుంది. తోసినా కదలదు. కట్టెపుల్లతో గీకి తీయడం, పది అడుగులు పోవడం, మళ్లీ గీకడం. దీనికి తయారీ ఏమిటంటే, వాన పడిన రోజు గూగుల్ మ్యాపు చూపించే అడ్డదారిని నమ్మకపోవడం. మట్టిదారిలో పది కిలోమీటర్లు కలిసొస్తాయని చూపిస్తుంది, పూట పోతుంది.

ఇంజన్ ఆయిల్ మార్చి ఎంతకాలమైందో గుర్తులేకపోతే మార్పించేయండి. గ్రేడు మాత్రం బండి పుస్తకంలో ఉన్నదే పోయించాలి, షెడ్డులో తెరిచి ఉన్న డబ్బాలోది కాదు. మార్చినా మార్చకపోయినా మట్టం చూసుకోవడం నేర్చుకోవాలి. బండిని మెయిన్ స్టాండు మీద సమంగా నిలిపి, ఇంజను కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి చూడాలి. కొన్ని బళ్లకు పుల్ల ముంచి చూడాలి, కొన్నిటికి అద్దం కిటికీ ఉంటుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పైగీత దాటించడమూ మంచిది కాదు.

ఎయిర్ ఫిల్టరును మన దగ్గర ఎవరూ తలుచుకోరు. నాపరాళ్ల లారీ వెనక బండి నడిపితే పీల్చేదంతా పొడే. కాగితం ఫిల్టరును నీళ్లతో కడగకూడదు, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి దుమ్ము దులపాలి. బాగా నల్లబడితే కొత్తది వేయాలి. స్పాంజి ఫిల్టరయితే కిరసనాయిల్లో పిండి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్ కొద్దిగా పట్టించి మళ్లీ పిండి వేయొచ్చు. ఈ ఒక్క పనితో బండి లాగడంలో, మైలేజీలో వచ్చే తేడా మీకే తెలుస్తుంది. ప్రయాణం నుంచి తిరిగొచ్చాక కూడా ఇదే మొదట తెరిచి చూడాల్సింది.

వానాకాలమంతా షెడ్డులో కదలకుండా పడి ఉన్న బండయితే పెట్రోలు సంగతి చూడాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తుంది, అది తేమను పీలుస్తుంది. పాత కార్బురేటరు బళ్లకు కింద చిన్న స్క్రూ వదులు చేసి అడుగున చేరిన నీళ్లూ మడ్డీ దించేయొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బీఎస్-6 బళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. వీటిలో ట్యాంకు అడుగంటే దాకా నడపడం పంపుకు చేటు. సగం కాగానే బంకు కనబడితే నింపుకోవడం అలవాటు చేసుకోండి.

బ్రేకులు. డిస్కు బ్రేకయితే ప్యాడు మందం, ఆయిల్ డబ్బాలో మట్టం చూడాలి. ఆయిల్ నల్లబడి ఉంటే మార్పించాలి, అది కూడా తేమను పీల్చేదే. డ్రమ్ము బ్రేకయితే బయట బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు అది చివరి గీత దాకా వస్తే షూలు అరిగాయని. ఏబీఎస్ ఉన్న బండికి కీ తిప్పగానే లైటు వెలిగి, బండి కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే చక్రం దగ్గరి సెన్సారుకు బురద పట్టిందేమో చూడండి. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఇవన్నీ ఎవరికీ గుర్తుకురావు, కడప వైపు దిగేటప్పుడు వస్తాయి.

హెడ్‌లైటును సంచులు కట్టి, వెనక మనిషిని కూర్చోబెట్టి సరిచేయాలి. బరువు వెనక పడగానే ముందు భాగం లేచి, వెలుతురు రోడ్డును వదిలి చెట్ల మీద పడుతుంది. ఖాళీ బండి మీద సరిచేసినది అప్పుడు పనికిరాదు. వెనక షాకబ్సర్లకు బిగువు పెంచే మెట్లుంటాయి, బరువును బట్టి ఒకటో రెండో పైకి జరిపించండి. బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారను పనిచేస్తున్నాయా చూసుకోవాలి. చీకటి పడితే లైట్లు లేని ట్రాక్టర్లు రోడ్డు మీదే ఉంటాయి కాబట్టి నా సలహా, పొద్దు గూకాక నడపనే నడపొద్దు.

సంచిలో వేసుకోవాల్సినవి: కంపెనీ టూల్‌కిట్, మంచి స్క్రూ డ్రైవరు, కటింగ్ ప్లేరు, మీ బండికి తగిన స్పానర్లు, ఒక క్లచ్ వైరు, ఒక యాక్సిలరేటరు వైరు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, చేతి పంపు, పంక్చర్ సామాను. క్లచ్ వైరు కొత్తదాన్ని పాతదాని పక్కనే టేపుతో అంటించి ఉంచుకునే పాతకాపులున్నారు. తెగినచోట పాతది విప్పి రెండు కొసలు తగిలిస్తే అయిపోతుంది, పెట్రోలు ట్యాంకు ఎత్తే పని ఉండదు. చూడ్డానికి మొరటుగా ఉన్నా నాకు నచ్చిన ఏర్పాటు.

బరువు కింద, సీటుకు దగ్గరగా ఉండాలి. తోక మీద సంచి మీద సంచి ఎక్కిస్తే మలుపులో బండి తల తేలిపోతుంది. సైలెన్సరు వైపు సంచి కాలకుండా చూసుకోవాలి. తాళ్ల కొసలు, తువ్వాలు, వెనక కూర్చున్నవారి చున్నీ, ఏదీ చక్రం వైపు వేలాడకూడదు. హెల్మెట్లు ఇద్దరికీ, ఐఎస్ఐ గుర్తు ఉన్నవే. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రం డిజీలాకరులో ఉంటే చాలు. అయినా గండికోట లోయ దగ్గర సిగ్నలును నమ్ముకోకుండా జిరాక్సులు పెట్టుకోండి.

ఇంతా అయ్యాక ఒక్కసారి నడిపి చూడాలి, పూర్తి బరువుతో. బయల్దేరే రోజుకు కనీసం రెండు రోజుల ముందు పొద్దున్నే ఓర్వకల్లు రాతివనం దాకా పోయి రండి. పోనూ రానూ 50 కిలోమీటర్లు, కర్నూలు వాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష దారి లేదు. అక్కడ ఉగ్గాని బజ్జీ తింటూ బండి చుట్టూ తిరిగి చూడండి. చక్రం మధ్య భాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బ్రేకు ఒరుసుకుంటోందని. అయితే డిస్కు నడిచినప్పుడు సహజంగానే కాలుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. మెకానిక్కు విప్పిన నట్లు మళ్లీ బిగించారా, సంచి జారిందా, కొత్తగా ఏమన్నా చప్పుడు వస్తోందా. తేలిన లోపాలను ఆ రోజే సరిచేయించి, ఆ తర్వాత ఇంక బండి మీద చెయ్యి వేయొద్దు. ముందురోజు రాత్రి కొత్త హారను బిగించే ముచ్చట మానుకోండి.

తెల్లవారుజామున ట్యాంకు నింపుకుని బయల్దేరాలి, అయితే అంచు దాకా వద్దు. బెలుం గుహల లోపల మీరు తిరుగుతున్నంతసేపూ బండి బయట ఎండలో ఉంటుంది, పెట్రోలు వేడికి వ్యాకోచిస్తే పొంగి కారుతుంది. తెరిచి చూపిస్తున్నది కొంతే అయినా 3,229 మీటర్ల గుహ అది, ఒక గంటలో బయటికి రాలేరు. సైడ్ స్టాండు కింద చిన్న నాపరాయి ముక్క పెట్టడం మరవొద్దు, మెత్తటి నేలలో స్టాండు దిగబడి బండి పడిపోతుంది. ఆ దారిలో నాపరాయి ముక్కకు కొదవ లేదు, సంచిలో మోయక్కర్లేదు.

అక్టోబరులో ఊళ్ల దగ్గర రోడ్డు మీద ఒక పక్కంతా మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. గింజల మీద బ్రేకు వేస్తే టైరు పట్టదు, రాయి తగిలితే రిమ్ము వంగుతుంది. గొర్రెల మంద ఎదురైతే హారను కొట్టకుండా ఆగండి. కాపరి ముందున్న గొర్రెను ఒక పక్కకు తిప్పుకున్నాడంటే తక్కినవన్నీ వాటంతటవే దారిస్తాయి. గంటకోసారి దిగి నీళ్లు తాగాలి, చైనూ టైర్లూ ఒకసారి కళ్లతో చూడాలి.

గువ్వలచెరువు నుంచి దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజను బిగువు మీదే దిగండి. క్లచ్ నొక్కిపెట్టి, న్యూట్రలులో వేసి పెట్రోలు మిగిల్చే తెలివి ఈ ఘాటులో చూపొద్దు. ముందు లారీ నుంచి మాడు వాసన వస్తుంటే దాన్ని దాటే ప్రయత్నం మాని ఎడమ పక్కన చోటున్నచోట ఆగి, దాన్ని పోనివ్వండి. పాలకోవ పొట్లాలను మాత్రం సైలెన్సరు లేని వైపు సంచిలో, బట్టల మధ్యన పెట్టుకోండి. కర్నూలు చేరేదాకా ఆ ఎండకు కోవ నిలవడమే కష్టం, ఇంజను వేడి కూడా తోడైతే ఇంట్లోవాళ్లకు చూపించడానికి ఖాళీ కాగితమే మిగులుతుంది.